చెల్లెలు న్యూజెర్సీలో, నేను తెనాలిలో: ఇక్కడి నుంచి ఏం చేయగలను?

తెనాలి_అక్క (ఫిబ్రవరి 8, రాత్రి 11.40)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ వేదికలో వీసా ముచ్చట్లు చదవడమే తప్ప ఏనాడూ రాయలేదు. ఈ రోజు రాయక తప్పడం లేదు.

మా చెల్లికి పెళ్ళయి మూడేళ్ళు. భర్తది హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా, చెల్లిది దాని మీద భార్యకు ఇచ్చే హెచ్‌-4. పద్నాలుగు నెలల పాప అక్కడే పుట్టింది. మొదటి ఏడాది అరుపులు, రెండో ఏడాది చెంపదెబ్బలు. నిన్న వీడియో కాల్‌లో చెల్లి మెడ చుట్టూ చున్నీ బిగించి చుట్టుకుని కూర్చుంది. ఇంట్లో హీటరు ఉంటుంది కదా, అంత చలేమిటే అంటే అమ్మ ముందు నవ్వేసింది. అమ్మ వంటింట్లోకి వెళ్ళాక చున్నీ తీసి చూపించింది. అంతకంటే రాయలేను.

పాస్‌పోర్టు అతని దగ్గర, బ్యాంకు ఖాతా అతని పేరున. "పోలీసులను పిలిస్తే ముందు నిన్నే విమానం ఎక్కిస్తారు, పాప అమెరికా పౌరురాలు కాబట్టి ఇక్కడే ఉండిపోతుంది" అంటాడట. నాన్న మాత్రం ఉగాదికి ఇద్దరినీ రమ్మందాం, కూర్చోబెట్టి మాట్లాడదాం అంటున్నారు. నాకేమో ఈ రాత్రికే అక్కడి పోలీసులకు ఫోను చేయాలనిపిస్తోంది. చేయవచ్చా? చేస్తే చెల్లి వీసా పోతుందా?

నిర్వాహకులు (ఫిబ్రవరి 9, ఉదయం 6.15)

పేర్లు, కంపెనీ, ఊరి వివరాలు ఎవరూ అడగవద్దు, ఎవరూ రాయవద్దు. తెనాలి_అక్క గారూ, మీ సందేశంలో అపార్ట్‌మెంటు పేరు ఉంటే తీసేశాం. ఈ పేజీ లింకు మీ చెల్లెలి ఫోనుకు పంపకండి. ఆ ఫోను ఇంకెవరైనా చూస్తూ ఉండవచ్చు.

ఎడిసన్_రాధ (ఫిబ్రవరి 9, ఉదయం 7.05)

అమ్మా, నేను పంతొమ్మిదేళ్ళుగా న్యూజెర్సీలో ఉన్నాను. వాటిలో ఆరేళ్ళు ఒక మహిళా సహాయ సంస్థలో శనివారాలు ఫోను దగ్గర కూర్చున్నాను. మీ ప్రశ్న వీసా గురించి. కానీ ముందు ఆ చున్నీ గురించి మాట్లాడుకోవాలి.

మెడ నొక్కడం చెంపదెబ్బ లాంటిది కాదు. ఒకసారి మెడ మీద చేయి వేసినవాడి ఇంట్లో ప్రాణాపాయం చాలా ఎక్కువని ఈ పనిలో ఉన్న ప్రతివారికీ తెలుసు. పైకి మచ్చ కనిపించకపోయినా లోపల దెబ్బ ఉండవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుడు పడకపోవడం, తల తిరగడం, ఆ కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. డాక్టరుతో "గొంతు నొప్పి" అని ఊరుకోకుండా "నా భర్త గొంతు నొక్కాడు" అని చెప్పాలి. ఆ వాక్యం రికార్డులో పడుతుంది. న్యూజెర్సీలో ఇంటివాళ్ళ మెడ నొక్కడం తీవ్రమైన నేరం.

ఇక పోలీసులు. అమెరికా అత్యవసర నంబరు 911 ఇండియా నుంచి కలవదు. ఆ ఊరి పోలీసు స్టేషన్‌కు మామూలు పదంకెల నంబరు ఉంటుంది. దానికి చేసి, చిరునామా చెప్పి, మనిషి క్షేమంగా ఉందో లేదో చూసి రమ్మని అడగవచ్చు. వాళ్ళు వెళతారు. అయితే ఆమెకు తెలియకుండా ఈ పని చేయకండి. పోలీసులు తలుపు తట్టినప్పుడు ఆమె సిద్ధంగా లేకపోతే "ఏమీ లేదు, బాగానే ఉన్నాం" అంటుంది, వాళ్ళు వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఆలోచించండి. ఆమె ప్రాణం మీదకు వచ్చిందని తెలిస్తే మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు, చేసేయండి.

ఈలోపు ఇద్దరూ ఒక మాట అనుకోండి. వేరేవాళ్ళు చదివినా అనుమానం రాని మాట. మా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి వాళ్ళ అమ్మకు "కందిపప్పు ఎంత?" అని పెడితే పోలీసులను పంపమని అర్థం.

వీసా_పురాణం (ఫిబ్రవరి 9, ఉదయం 9.30)

నేను లాయరును కాను. పన్నెండేళ్ళు హెచ్‌-1బి క్యూలో నిలబడి ఈ ఫారాలన్నీ కంఠస్థం అయిన సామాన్యుణ్ణి. నేను చెప్పింది విని, తర్వాత లాయరును అడగండి.

అతను చెప్పినవాటిలో అబద్ధం ఎంతో చూద్దాం. "నిన్ను విమానం ఎక్కిస్తారు" అనేది అబద్ధం. భర్త ఫోను చేస్తే భార్యను దేశం దాటించే అధికారి ఎవరూ లేరు. ఆమోదమైన హెచ్‌-4ను అతను ఇంట్లో కూర్చుని రద్దు చేయలేడు. ఐ-94 అనే రాకపోకల రికార్డు మీద ఉన్న తేదీ వరకు ఆమె ఉండవచ్చు. తన కేసులో భార్య దాఖలు చేసుకున్న వివరాలు అతనికి చెప్పకూడదని, కేవలం అతను చెప్పిన మాట మీద ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయం తీసుకోకూడదని అక్కడి చట్టంలోనే ఉంది.

నిజం ఎంత అంటే, హెచ్‌-4 పెళ్ళి మీద, అతని వీసా మీద ఆధారపడినది. విడాకులు ఖాయమైన రోజుతో ఆ హోదా పోతుంది. అందుకే విడాకులు పూర్తయ్యేలోగా వేరే హోదాకు, చదువుకుంటే ఎఫ్‌-1కో మరొకదానికో, దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది పొరపడేది. "వావా అని ఒక చట్టం ఉందట, గ్రీన్‌కార్డు ఇస్తారట" అని ఎవరో ఒకరు చెబుతారు. 1994లో వచ్చిన ఆ చట్టం కింద భార్య ఐ-360 అనే ఫారం సొంతంగా వేసుకోవచ్చు, భర్త సంతకం అక్కర్లేదు, రుసుము లేదు. కానీ అది భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయితేనే. మీ మరిదిది హెచ్‌-1బి. ఆ తలుపు మీకు తెరుచుకోదు.

మీకు తెరుచుకునేవి రెండు. హెచ్‌-4 భార్య హింసకు గురైతే ఐ-765వి అనే ఫారంతో పని చేసుకునే అనుమతి అడగవచ్చు. అది హోదా ఇవ్వదు, ఉద్యోగం చేసుకునే కార్డు మాత్రం ఇస్తుంది. చేతిలో డబ్బు లేని మనిషికి అదే పెద్ద దన్ను. రెండోది యు వీసా. నేరానికి బాధితురాలై, దర్యాప్తుకు సహకరించినవారికి ఇచ్చేది. భర్త వీసా ఏదన్నది దీనికి సంబంధం లేదు. పోలీసులో ప్రాసిక్యూటరో సంతకం చేసిన పత్రం కావాలి. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు కాబట్టి క్యూ ఏళ్ళ తరబడి సాగుతుంది. అది ముందే తెలుసుకుని వేయాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఉగాదికి ఇండియా రప్పించే ఆలోచన మానుకోండి.

పెద్దాయన_గుంటూరు (ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1.20)

నేను చెప్పేది ఎవరికీ నచ్చకపోవచ్చు. ఇద్దరూ చిన్నవాళ్ళు. పసిపిల్ల ఉంది. పోలీసులు, కోర్టు అంటే ఇక ఆ కాపురం ఉండదు. అబ్బాయి తల్లిదండ్రులు బతికే ఉన్నారు కదా, ఇరువైపుల పెద్దలు కూర్చుంటే సర్దుబాటు కాని గొడవ ఉండదు. మా రోజుల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు. ఉగాదికి రప్పించడంలో తప్పేముంది?

మౌనిక_మళ్ళీ (ఫిబ్రవరి 9, సాయంత్రం 4.45)

పెద్దాయన గారూ, తప్పేముందో నేను చెబుతాను. నన్ను అలాగే రప్పించారు.

2018లో "తాతయ్యకు బాగాలేదు" అని టికెట్టు కొన్నాడు. విజయవాడలో దిగిన మూడో రోజు నా పాస్‌పోర్టు, అందులోనే ఉన్న వీసా కనబడలేదు. అయిదో రోజు అతను కనబడలేదు. హెచ్‌-4 స్టాంపింగుకు, అంటే పాస్‌పోర్టులో వీసా ముద్ర వేయించుకోవడానికి, మళ్ళీ వెళ్ళాలంటే భర్త ఉద్యోగ పత్రాలు, జీతం కాగితాలు కావాలి. అవి ఎవరి దగ్గర ఉంటాయి? పెద్దలు కూర్చున్నారండీ. నాలుగుసార్లు కూర్చున్నారు. ప్రతిసారీ కాఫీలు, టిఫిన్లు మా అమ్మే పెట్టింది. నాలుగోసారి వాళ్ళ మేనమామ "ఇంకో పది లక్షలు చూసుకుంటే" అని మొదలుపెట్టాడు.

పదకొండు నెలలకు నేను వేరే దారిలో, చదువు వీసా మీద వెళ్ళాను. అది వేరే కథ.

తెనాలి_అక్కా, ఒక్క సంగతి. మీ చెల్లిని ఈ రోజు నుంచి మీకు అబద్ధం చెప్పవద్దని అడగండి. నా కేసు విచారణలో నన్ను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది నేను అమ్మకు పెట్టిన వాయిస్ మెసేజి. "ఏమీ లేదమ్మా, బాత్రూములో జారిపడ్డాను, చేయి కాస్త వాచింది." అతని లాయరు దాన్ని ఇంగ్లీషులోకి అనువదింపజేసి చదివించాడు. "అమ్మతో అబద్ధం చెప్పానంటున్నారు, మరి ఇప్పుడు నిజం చెబుతున్నారని ఎలా నమ్మాలి?" అని అడిగాడు. అమ్మకు నిద్రపట్టదని చెప్పిన అబద్ధం అది. జడ్జికి ఆ సంగతి వివరించడానికి నాకు చెమటలు పట్టాయి.

తేదీలు కూడా. ఫిర్యాదులో పాత సంఘటనలు తేదీలతో రాయమంటారు. నాకు ఒక్క తేదీ గుర్తు రాలేదు. కానీ ఒకటి వినాయక చవితినాడు, ఉండ్రాళ్ళు సరిగా ఉడకలేదని. ఇంకోటి భోగికి ముందురోజు. అలా పండుగలు పట్టుకుని, ఫోనులో పంచాంగం తెరిచి, తేదీలు కట్టుకున్నాను. మీ చెల్లి మీకు రోజూ ఒక్క వాక్యం చెప్పినా చాలు, మీరు తేదీ వేసి రాసి పెట్టండి. ఆమె ఫోనులో ఉంచవద్దు.

అనుమానం_రావు (ఫిబ్రవరి 9, సాయంత్రం 6.10)

నాణేనికి రెండో వైపు కూడా ఉంటుంది. నా స్నేహితుడి మీద పెట్టిన కేసులో అక్కాబావలను, పెళ్ళికే రాని పెదనాన్నను కూడా ఇరికించారు. ఒక వైపు మాట విని అందరూ అతన్ని దోషిని చేసేస్తున్నారు.

బెజవాడ_వకీలు (ఫిబ్రవరి 9, రాత్రి 8.30)

రావు గారి మాటలో నిజం ఉంది, కానీ అది ఈ ఇంటికి వర్తించదు. మెడ మీద మచ్చకు రెండో వైపు ఉండదు. మీ స్నేహితుడి సంగతికి వస్తే, కుటుంబంలో అందరి పేర్లూ మూకుమ్మడిగా రాసిన కేసులను సుప్రీంకోర్టే కొట్టేస్తోంది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనూ అదే చెప్పింది. నా దగ్గరకు వచ్చే ఆడపిల్లల తండ్రులకు నేను మొదట చెప్పేది ఇదే: ఆడపడుచు పేరు రాయకండి, ఆమె నిజంగా ఏదైనా చేసి ఉంటే తప్ప. కోపంతో చేర్చిన ప్రతి పేరూ అసలు కేసును పలచన చేస్తుంది.

ఇక ఇండియా వైపు ఏముందో చెబుతాను. తెనాలి_అక్క గారు రేపే స్టేషనుకు పరుగెత్తుతారేమోనని భయం.

భార్యను వేధించడంపై ఉన్న పాత 498-ఎ సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. పుట్టింటికి చేరిన భార్య అక్కడి నుంచే కేసు పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ నేరం మొత్తం విదేశంలో జరిగితే ఇక్కడ విచారణ జరపడానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ సూత్రాన్ని 2011లో సుప్రీంకోర్టు వివరించింది కూడా మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులోనే. ఆ కేసులో భర్త బోట్స్వానాలో ఉద్యోగి. దర్యాప్తుకు అనుమతి అక్కర్లేదు, విచారణ దశకు వచ్చాక కావాలి. కట్నం అడగడం, ఇవ్వడం ఇక్కడే జరిగి ఉంటే దానికి ఈ అడ్డు లేదు.

నా అభిప్రాయం అడిగితే, మనిషి అక్కడ ఉన్నంత కాలం రక్షణ అక్కడి కోర్టులోనే దొరుకుతుంది. తెనాలిలో పెట్టిన కేసు న్యూజెర్సీలో తలుపుకు అడ్డంగా నిలబడదు. పైగా ఇక్కడ కేసు పడిందని అతనికి తెలిసిన రోజున ఆమె ఇంకా ఆ ఇంట్లోనే ఉంటే? ముందు ఆమె బయటపడాలి.

2005 గృహహింస చట్టం మాత్రం గుర్తుంచుకోండి. ఆమె తరఫున వేరేవాళ్ళు కూడా దరఖాస్తు వేయవచ్చు. తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయవచ్చు. ఆమె ఇక్కడికి వచ్చేస్తే అది పనికొస్తుంది.

అతను అక్కడ విడాకులకు వేస్తే నోటీసు తీసుకుని ఊరుకోకండి. తిరుపతిలో జరిగిన ఒక పెళ్ళిని మిస్సోరీ కోర్టు రద్దు చేస్తే అది ఇక్కడ చెల్లదని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా వచ్చిన డిక్రీకి ఇక్కడ విలువ లేదు. అయితే అక్కడే బతకబోయే ఆడమనిషికి ఈ ఓదార్పు కడుపు నింపదు. అక్కడి కోర్టులో హాజరై భరణం, పాప సంరక్షణ అడగడమే మేలు. హాజరయ్యేముందు రెండు దేశాల లాయర్ల మాటా వినాలి.

తెనాలి_అక్క (ఫిబ్రవరి 10, ఉదయం 5.50)

అందరికీ దండాలు. రాత్రి నాన్నకు మౌనిక గారి సందేశం చదివి వినిపించాను. ఉగాది మాట ఇక ఎత్తలేదు. చాలాసేపు వరండాలో కూర్చున్నారు.

చెల్లితో మాట అనుకున్నాం. "ఆవకాయ అయిపోయింది" అంటే పోలీసులు. స్టేషను నంబరు వెతికి నాన్న ఫోనులోనూ నా ఫోనులోనూ పెట్టాను. డాక్టరు దగ్గరకు వెళ్ళమంటే కారు అతని దగ్గరే ఉంటుంది, ఎలా అంటోంది. గురువారం పాపకు టీకా ఉందట.

చెల్లికి ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడాలంటే తడబడుతుంది. పోలీసులతో ఏం మాట్లాడుతుంది?

ఎడిసన్_రాధ (ఫిబ్రవరి 10, ఉదయం 7.20)

గురువారం బంగారం లాంటి అవకాశం. పిల్లల డాక్టరు గదిలో నర్సుతో ఒక్క నిమిషం ఒంటరిగా దొరికితే చాలు. "ఇంట్లో నాకు భయంగా ఉంది" అని చెబితే వాళ్ళకు ఏం చేయాలో తెలుసు. క్లినిక్ ఫోను నుంచే జాతీయ హాట్‌లైన్‌కు చేయించమనండి: 1-800-799-7233. రాత్రీ పగలూ ఉంటుంది. తెలుగు అని చెబితే లైనులోకి అనువాదకులను తెస్తారు. తన ఫోను నుంచి చేయవద్దు, ఇద్దరి ఫోన్లూ ఒకే ప్లానులో ఉంటే బిల్లులో నంబరు కనిపిస్తుంది. న్యూజెర్సీ వాళ్ళకే వేరే నంబరు కూడా ఉంది, 1-800-572-7233.

మనవాళ్ళ కోసం న్యూజెర్సీలో మానవి అనే సంస్థ 1985 నుంచి పనిచేస్తోంది. అమెరికాలో దక్షిణాసియా స్త్రీల కోసం పుట్టిన మొదటి సంస్థల్లో అదొకటి. న్యూయార్క్‌లో సఖి, బే ఏరియాలో మైత్రి, హ్యూస్టన్‌లో దయ, అట్లాంటాలో రక్ష, షికాగోలో అప్నా ఘర్ ఉన్నాయి. ఇది చదివే వేరే ఊళ్ళ వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. తెలుగు సంఘాల్లోనూ సాయం చేసే మంచివాళ్ళున్నారు. అయితే అతని క్రికెట్ జట్టు, సంక్రాంతి సంబరాల కమిటీ కూడా అక్కడే ఉంటాయి. కబురు అతని చెవిన పడకూడదనుకుంటే ముందు హాట్‌లైన్, తర్వాతే సంఘం.

భాష సంగతి చాలా ముఖ్యం. పోలీసులు వచ్చినప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చినవాడి మాటే ముందు వినపడుతుంది. అతను చిరునవ్వుతో "మా ఆవిడకు కోపం ఎక్కువ, నన్ను గీరింది" అంటే, ఆమె మూగగా నిలబడితే, ఆమెనే బేడీలు వేసి తీసుకెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు. ఆమె రెండే మాటలు బట్టీపట్టాలి: "తెలుగు ఇంటర్‌ప్రెటర్". ఫోనులో దొరుకుతారు. భర్తను కానీ ఎదురింటి తెలుగువాళ్ళను కానీ అనువాదకులుగా ఒప్పుకోవద్దు. ఒంటి మీద దెబ్బ గుర్తు ఉంటే ఇక్కడ పోలీసులు అరెస్టు చేసి తీరాలి, అది వాళ్ళ ఇష్టం కాదు.

అరెస్టయ్యాక కేసు ప్రభుత్వానిది. మన ఊళ్ళోలాగ రెండు రోజుల తర్వాత వెళ్ళి "రాజీ అయ్యాం" అంటే మూతపడదు. ఇది కూడా ఆమెకు ముందే తెలియాలి.

లెస్టర్_పద్మ (ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2.40)

ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళ కోసం రెండు ముక్కలు, నేను నర్సుని. ఇక్కడి అత్యవసర నంబరు 999కి సెల్ ఫోను నుంచి చేసి మాట్లాడలేకపోతే, చెప్పినప్పుడు 55 నొక్కండి, లైను పోలీసులకు వెళుతుంది. కొట్టకపోయినా నేరమే: డబ్బు, ఫోను, రాకపోకలు గుప్పిట్లో పెట్టుకుని భయపెట్టడం 2015 నుంచి ఇక్కడ శిక్షార్హం. 2024 ఫిబ్రవరి నుంచి ఉద్యోగ వీసా, చదువు వీసా వాళ్ళ భార్యలు కూడా మూడు నెలల ప్రత్యేక అనుమతి అడగవచ్చు. ఆ మూడు నెలలూ ప్రభుత్వ సాయం, ఆశ్రయం దొరుకుతాయి. కాకపోతే బ్రిటన్ పౌరుల భార్యలకున్న శాశ్వత నివాసపు దారి వీళ్ళకు లేదు. ఆ మూడు నెలల్లోనే లాయరును చూసుకోవాలి. హాట్‌లైన్ 0808 2000 247.

మీరు రాసిన చున్నీ మాట చదివి చాలాసేపు డ్యూటీ గదిలో కూర్చుండిపోయాను. నేను స్వెట్టర్లు వేసుకునేదాన్ని. మా వార్డులో అందరికీ నేను చలిమనిషినని పేరు.

షార్జా_సుబ్బారావు (ఫిబ్రవరి 10, సాయంత్రం 5.00)

యూఏఈలో కూడా 2019లోనే గృహహింస చట్టం వచ్చింది. దుబాయ్‌లో ప్రభుత్వ ఆశ్రయ సంస్థ నంబరు 800111. మా బిల్డింగులో ఒకమ్మాయిని మా ఆవిడే తీసుకెళ్ళి దింపి వచ్చింది. అంతకంటే నాకు తెలియదు.

తెనాలి_అక్క (ఫిబ్రవరి 14, ఉదయం 10.15)

గురువారం పని అయింది. అతను కారు పెట్టడానికి వెళ్ళినప్పుడు నర్సుతో చెప్పిందట. ఆవిడ పాప బరువు చూడాలని లోపలి గదికి తీసుకెళ్ళి తలుపు వేసి, ఫోను చేతికిచ్చింది. పది నిమిషాలు మాట్లాడింది. మెడ ఫొటోలు తీసి పాప ఫైలులో కాక చెల్లి పేరున వేరే కాగితం రాశారట.

బయటికి వచ్చి మళ్ళీ అతని కారులోనే ఇంటికి వెళ్ళింది. అందరూ బయటికి వచ్చేయమంటే రాలేదెందుకని అడగకండి. పాప పాల డబ్బా ఇంట్లో ఉందంది.

ఎడిసన్_రాధ (ఫిబ్రవరి 14, రాత్రి 7.30)

ఎవరూ అడగరు. మనిషి బయటపడటానికి ఒక్కొక్కరికి ఎన్నిసార్లో పడుతుంది. చిన్న సంచీ ఒకటి: పాప జనన పత్రం, తన ఐ-94 కాపీ, పెళ్ళి పత్రం, మందులు. ఒరిజినల్స్ దొరక్కపోతే ఫొటో తీసి మీకు పంపి తన ఫోనులో చెరిపేయమనండి. సంచీ కనబడేచోట పెట్టవద్దు.

తెనాలి_అక్క (ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 3.05)

ఉదయం 9.40కి మెసేజి వచ్చింది. "అక్కా ఆవకాయ అయిపోయింది."

అక్కడ రాత్రి 11.10. నా చేతులు వణుకుతుంటే నాన్నే డయల్ చేశారు. నాన్న జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ పాఠాలు చెప్పిన గొంతు, చిరునామా చెప్పేటప్పుడు ఒక్క అక్షరం తడబడలేదు. ఫోను పెట్టాక మాత్రం నీళ్ళు అడిగారు.

పోలీసులు తొమ్మిది నిమిషాల్లో వెళ్ళారు. చెల్లి "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అంది. ఫోనులో వచ్చిన ఆమె రాయలసీమ యాసలో "చెప్పు తల్లీ" అందట. ఆ మాట వినగానే మూడేళ్ళ ఏడుపు ఒక్కసారి వచ్చిందట. అతన్ని తీసుకెళ్ళారు. ఆ రాత్రే జడ్జితో ఫోనులో మాట్లాడించి తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. అతను ఇంటికి రాకూడదు, ఫోను చేయకూడదు, పాప చెల్లి దగ్గరే. రుసుము ఏమీ అడగలేదు.

పది రోజుల్లో విచారణట. తర్వాత ఏమిటి?

మౌనిక_మళ్ళీ (ఫిబ్రవరి 23, సాయంత్రం 4.20)

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

ఆ విచారణే అసలు పరీక్ష. ఇద్దరి మాటా వింటారు. వాయిదా పడితే తాత్కాలిక ఉత్తర్వు అప్పటిదాకా ఉంటుంది. న్యూజెర్సీలో తుది ఉత్తర్వుకు గడువు తేదీ ఉండదు, కోర్టు రద్దు చేసేదాకా నడుస్తుంది. అందుకే అతని లాయరు గట్టిగా కొట్లాడతాడు. ముందురోజు వాళ్ళ అమ్మ మీ ఇంటికి ఫోను చేసి ఏడుస్తుంది. "వాడి ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది" అంటుంది. ఆ ఉత్తర్వు సివిల్ వ్యవహారం, దానంతట అది అతని వీసా తీయదు. ఉల్లంఘిస్తే మాత్రం నేరం, అప్పుడు వీసాకూ ముప్పే. ఆ సంగతి అతని చేతుల్లోనే ఉంది కదా.

తన వైపు నుంచి కూడా ఫోను చేయవద్దని చెల్లికి చెప్పండి. "పాపకు జ్వరం" అని ఒక్క మెసేజి పెడితే, దాన్నే చూపించి "ఈమెకు భయమేమీ లేదు" అంటారు.

వీసా_పురాణం (ఫిబ్రవరి 23, రాత్రి 9.00)

పాపను తీసుకుని వెంటనే ఇండియా విమానం ఎక్కించవద్దు. పిల్లల అపహరణపై హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. ఆ కారణం చూపించి, ఆమె పాపతో పారిపోతుందని అతని లాయరు వాదిస్తాడు. కోర్టు అనుమతి లేకుండా వెళితే ఆమె మీదే నేరం మోపే చట్టం 1993 నుంచి ఉంది. రావాలనుకుంటే జడ్జి చేత రాయించుకునే రావాలి. పాస్‌పోర్టు ఇంకా అతని దగ్గరే ఉంటే, వస్తువులు తెచ్చుకునేటప్పుడు పోలీసులను తోడు పంపమని ఉత్తర్వులోనే అడగవచ్చు. పోయిందంటే పోలీసు రిపోర్టుతో న్యూయార్క్ కాన్సులేట్‌లో కొత్తది. లాయరు ఖర్చుకు సాయం కావాలంటే కూడా కాన్సులేట్‌లోనే అడగండి, ఇలాంటివాళ్ళ కోసం ప్రవాస సంక్షేమ నిధి ఉంది. ఐ-765వి సంగతి మరచిపోవద్దు.

పెద్దాయన_గుంటూరు (ఫిబ్రవరి 24, ఉదయం 6.40)

అమ్మా, ఆ రోజు నేను రాసింది చెరిపేయమని నిర్వాహకులను అడిగాను. వద్దు, ఉండనివ్వండి అన్నారు. లెక్చరరు గారిని నేను ఎరుగుదును అనుకుంటున్నాను. ఎరగకపోయినా ఫరవాలేదు. పాప పాల ఖర్చుకు ఏమైనా పంపవచ్చా?

తెనాలి_అక్క (మార్చి 6, రాత్రి 10.30)

విచారణ రెండు వారాలు వాయిదా పడింది. మానవి ద్వారా లాయరు దొరికారు. పాస్‌పోర్టు వచ్చింది, పోలీసు పక్కన నిలబడి ఉండగా లాకరు తెరిచాడట. పెద్దాయన గారూ, డబ్బు వద్దండీ, అడిగారు, చాలు.

వకీలు గారికి ఒక ప్రశ్న. పెళ్ళికి పెట్టిన బంగారం 32 కాసులు. కొంత హైదరాబాద్‌లో వాళ్ళ అమ్మ లాకరులో, కొంత అక్కడ. బిల్లులు సగమే ఉన్నాయి. పట్టిక ఎలా రాయాలి?

బెజవాడ_వకీలు (మార్చి 7, ఉదయం 8.10)

స్త్రీధనం ఆమెదే, ఎవరి లాకరులో ఉన్నా. బిల్లు లేనివాటికి పెళ్ళి ఫొటోలు చూడండి. తలంబ్రాల ఫొటోలో మెడ, చేతులు బాగా కనిపిస్తాయి. అప్పగింతల ఫొటోలో వడ్డాణం కనిపిస్తుంది. ఒక్కో ఫొటో మీద నగకు సంఖ్య వేసి, పక్కన బరువు, ఎవరు చేయించారో, ఏ కొట్టులోనో రాయండి. అమ్మమ్మ ఇచ్చిన పాత నగలుంటే అవి విడిగా రాసి, అమ్మమ్మ చేత సంతకం చేయించండి. చూపు ఆనకపోతే వేలిముద్ర అయినా సరే, ఇద్దరు సాక్షులు ఉండాలి. రాయడం అయ్యాక నాకు పంపండి, చూసి పెడతాను.

తెనాలి_అక్క (మార్చి 7, ఉదయం 8.25)

ఆల్బమ్ అటక మీద ఉంది. నాన్న నిచ్చెన వేస్తున్నారు.